ఇంట్లోకి మొదటి పిస్టల్: ఏది కొనాలి, ఎలా ఎంచుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. డాలస్ శివారులో సొంత ఇల్లు. ఈమధ్యే భార్యాభర్తలిద్దరికీ గ్రీన్ కార్డు వచ్చింది. పిల్లల్లో ఒకరికి 13 ఏళ్లు, ఇంకొకరికి 7. ఇంటి రక్షణకు ఒక పిస్టల్ కొనాలనుకుంటున్నారు. దుకాణంలో మీ శ్రీమతి చేతికి ఇదే సరిపోతుందంటూ బుల్లి పాయింట్ 380 పిస్టల్ చూపించారు. ఒక మిత్రుడు కొంటే పాయింట్ 45 కొనాలన్నారు (ఈ అంకెలు తూటా అడ్డుకొలత, అంగుళాల్లో). మరొకరు రివాల్వర్ అయితే ఏ చిక్కూ ఉండదన్నారు. వేసవిలో మీ అమ్మానాన్నలు వస్తున్నారు. హెచ్-1బి మీద ఉన్న మీ స్నేహితుడు కూడా కొనవచ్చా అని అడుగుతున్నారు.

ఆ మూడింటిలో ఏదీ వద్దు. నాలుగు అంగుళాల బ్యారెల్ (తూటా వెళ్లే నాళం) ఉన్న మధ్యస్థ పరిమాణపు 9 ఎంఎం పిస్టల్ తీసుకోండి. అది మీ ఇద్దరి చేతికీ కుదరాలి. ఏ కంపెనీది అన్నది ఆ తర్వాతి మాట. అంతకంటే ముందు, దాన్ని పెట్టే ఇనుప పెట్టె కొని గోడకో నేలకో బిగించండి. పెట్టె బిగించేదాకా పిస్టల్ ఇంటికి తేకండి. టెక్సస్‌లో కొత్తవాళ్లకు కాల్చడం నేర్పే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. ఈ సలహాను ఇంతవరకు మార్చుకోవలసిన అవసరం రాలేదు.

ముందు ఆ బుల్లి పిస్టల్ సంగతి. ఆడవాళ్ల చేతికి చిన్న తుపాకీ అన్నది దుకాణాల్లో పాతుకుపోయిన అలవాటు. ఎంతోమంది కొత్తవాళ్లను కాల్చడానికి దూరం చేసింది అదే. రూగర్ ఎల్‌సీపీ లాంటి పాయింట్ 380 పిస్టల్ బరువు సుమారు 270 గ్రాములు. గ్లాక్ 19 ఖాళీగానే 600 గ్రాములు దాటుతుంది. తూటా ముందుకు వెళ్లే వేగానికి బదులుగా తుపాకీ వెనక్కి తన్నుతుంది. తుపాకీ ఎంత తేలికైతే అంత గట్టిగా తన్నుతుంది. పైగా ఆ బుల్లి పిడిని పట్టుకోవడానికి రెండు వేళ్లకే చోటుంటుంది, చిటికెనవేలు గాలిలో వేలాడుతుంది. గురి కోసం పిస్టల్ పైన ముందొకటి, వెనకొకటి ఉండే ముక్కల మధ్య దూరం తక్కువ కాబట్టి వాటి అమరిక రవ్వంత తప్పినా తూటా జానెడు పక్కకు పోతుంది. ఆ పిస్టళ్లు జేబులో దాచుకోవడానికి తయారయ్యాయి. బాగా సాధన ఉన్నవాళ్ల చేతిలో పనికొస్తాయి, నేర్చుకునే చేతికి మాత్రం శత్రువులు.

కొత్తవాళ్లకు ఇలాంటి పిస్టల్ ఇస్తే ఏం జరుగుతుందో చెబుతాను. మొదటి రెండు తూటాలు కాగితం మధ్యలోనే పడతాయి. మూడోదానికి చెయ్యి తన్నును ఎదురుచూడటం మొదలుపెడుతుంది. ఆరోది వచ్చేసరికి ట్రిగ్గర్ నొక్కేలోపే కళ్లు మూసుకుంటాయి. వాళ్లకు తెలియకుండా మ్యాగజైన్ (తూటాలు పట్టే డబ్బా) నింపి, నడుమ ఒక ఉత్తుత్తి తూటా పెట్టి ఇస్తాను. అది వచ్చినప్పుడు పేలుడుండదు, క్లిక్ అని శబ్దం మాత్రమే వస్తుంది. కానీ పిస్టల్ మూతి మాత్రం రెండంగుళాలు కిందికి వంగుతుంది. ఆ బెదురు ఒకసారి చేతికి పట్టిందంటే వదిలించడానికి నెలలు పడుతుంది. మొదటి పిస్టల్ విషయంలో నేను ఇంత పట్టుబట్టేది ఇందుకే.

పాయింట్ 45 గురించి ఎక్కువ చెప్పను. తూటా ఖరీదెక్కువ, మ్యాగజైన్‌లో తక్కువ పడతాయి, తన్ను ఎక్కువ. అమెరికాలో ఎఫ్‌బీఐ కూడా పాయింట్ 40ని వదిలి గత దశాబ్దం మధ్యలో మళ్లీ 9 ఎంఎంకే వచ్చింది. ఇప్పటి రక్షణ తూటాల్లో వీటి మధ్య ఫలితంలో పెద్ద తేడా లేదు. గురిలో, వేగంలో 9 ఎంఎం సులువు. 1902లో జర్మనీలో పుట్టిన ఈ తూటా ప్రపంచంలో ఎక్కువగా తయారయ్యే పిస్టల్ తూటా. అందుకే చౌక కూడా. చౌకగా దొరికే తూటానే సాధన చేయిస్తుంది.

రివాల్వర్ మాట కొంచెం వివరంగా చెప్పాలి. ఆ సలహాలో సగం నిజముంది. స్లయిడ్, అంటే పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ కదిలే ఉక్కు భాగం, లాగే పని లేదు, చక్రం తెరిస్తే తూటాలున్నాయో లేదో కంటికి కనిపిస్తుంది. కానీ దుకాణంలో మీకు చూపించేది స్మిత్ అండ్ వెసన్ 642 లాంటి ఐదు తూటాల చిన్న రివాల్వర్. దాని బరువు అరకిలో కూడా ఉండదు. దాని ట్రిగ్గర్ లాగడానికి మాత్రం ఐదు కిలోలకు పైగా బలం కావాలి. అరకిలో వస్తువును కదలకుండా పట్టుకుని చూపుడువేలితో ఐదు కిలోలు లాగి చూడండి, గురి ఏమవుతుందో తెలుస్తుంది. రివాల్వరే కావాలనుకుంటే రూగర్ జీపీ100 లాంటి నాలుగంగుళాల బరువైనది తీసుకుని పాయింట్ 38 స్పెషల్ తూటాలే వాడండి. కిలో దాటిన బరువు తన్నును మింగేస్తుంది. కీళ్లవాతం వల్ల స్లయిడ్ లాగలేనివాళ్లకు నేను చెప్పేది అదే. మీ ఇద్దరికీ కీళ్లవాతం ఉన్నట్టు లేదు.

ఇప్పుడు చేతికి కుదరడం గురించి. అసలు నిర్ణయం ఇక్కడే జరుగుతుంది. దుకాణదారు మ్యాగజైన్ తీసి, స్లయిడ్ వెనక్కి లాగి, ఖాళీగా ఉందని మీకు చూపించాకే పిస్టల్ చేతికివ్వాలి. అలా చూపించని దుకాణంలో కొనకండి. చేతికి తీసుకున్నాక మీరూ ఒకసారి తూటా కూర్చునే చాంబర్‌లోకి చూడండి, వీలైతే చిటికెనవేలు పెట్టి తడిమి చూడండి. తర్వాత పిడిని వీలైనంత పైకి పట్టండి. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఉండే చర్మం పిడి వెనకభాగంలో పైకంటా ఆనాలి. అలా పట్టుకున్నప్పుడు బ్యారెల్ మీ ముంజేతికి తిన్నగా, ఒకే గీతలో ఉండాలి. ఇప్పుడు చూపుడువేలు ట్రిగ్గర్ మీద పెట్టండి. వేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మధ్యలో పడిందా? వేలి కొస మాత్రమే అందుతుంటే పిడి మీకు లావు. అందించడానికి పిస్టల్‌ను చేతిలో పక్కకు తిప్పుతుంటే అది మీ పిస్టల్ కాదు. ఇది మీ శ్రీమతి చేతితో చూడాలి, మీ చేతితోనూ చూడాలి. ఇద్దరిలో చిన్న చేయి ఎవరిదో వాళ్లదే తుది మాట. లావైన చేయి సన్నని పిడికి సర్దుకుంటుంది గానీ సన్నని చేయి లావైన పిడికి సర్దుకోలేదు. చాలా పిస్టళ్లతోపాటు పిడి వెనక మార్చుకునే ముక్కలు పెట్టెలోనే వస్తాయి. మార్చి చూపించమని అడగండి, దుకాణదారు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

స్లయిడ్ లాగలేకపోతున్నానని మీ శ్రీమతి అన్నట్టు రాశారు. నూటికి తొంభైమంది విషయంలో అది బలం లోపం కాదు, పట్టు లోపం. బొటనవేలు, చూపుడువేలు మధ్య గిల్లినట్టు పట్టుకుని లాగితే ఎవరికీ రాదు. పిస్టల్‌ను ఛాతీకి దగ్గరగా తెచ్చుకోవాలి. ఎడమ అరచేతిని స్లయిడ్ మీదుగా వేసి నాలుగు వేళ్లతో బిగించాలి. ఇప్పుడు స్లయిడ్‌ను వెనక్కి లాగే బదులు కుడిచేత్తో పిడిని ముందుకు తోయాలి. ఒకేసారి, విసురుగా. రెండు చేతులూ ఎదురెదురుగా పనిచేస్తే భుజాల బలమంతా అందులోకి వస్తుంది. ఇది చేస్తున్నంతసేపూ మూతి ఎటు చూస్తోందో గమనించండి. కొత్తవాళ్లు బలం కోసం ఒళ్లు తిప్పుతారు, దాంతో మూతి పక్కనున్న మనిషి వైపు తిరుగుతుంది. ఇలా చేసినా కష్టంగానే ఉంటే స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ఈజెడ్ అనే 9 ఎంఎం ఉంది. దాని స్లయిడ్‌ను తేలిగ్గా లాగేలా కావాలనే చేశారు. పిడి వెనక ఒక మీట ఉంటుంది, పిడిని పూర్తిగా బిగించి పట్టుకుంటే తప్ప పేలదు.

పేర్లు అడిగారు కాబట్టి చెబుతాను. గ్లాక్ 19, స్మిత్ అండ్ వెసన్ ఎం అండ్ పీ 2.0 కాంపాక్ట్, సీజెడ్ పీ-10 సీ, వాల్తర్ పీడీపీ, హెక్లర్ అండ్ కోక్ వీపీ9. ఈ ఐదింటిలో ఏది కొన్నా నష్టపోరు. గ్లాక్ 19 1988 నుంచి ఉంది. విడిభాగాలు, పిస్టల్ పెట్టుకునే హోల్‌స్టర్లు, మ్యాగజైన్లు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి, మ్యాగజైన్‌లో 15 తూటాలు పడతాయి. పిడి ఆకారం మాత్రం కొందరికి అస్సలు నప్పదు. చిన్న చేతులకు నేను ముందుగా వాల్తర్, ఎం అండ్ పీ చూడమంటాను. సిగ్ పీ365 చాలామంది సిఫారసు చేస్తారు. 2018లో వచ్చిన మంచి పిస్టలే, కానీ అది నడుముకు పెట్టుకు తిరిగేవాళ్ల కోసం. రెండో పిస్టల్‌గా ఆలోచించండి. అదే కంపెనీ పీ320 విషయంలో, ట్రిగ్గర్ నొక్కకుండానే పేలుతోందంటూ కోర్టుల్లో కేసులు నడిచాయి, కొన్ని పోలీసు శాఖలు వాడటం మానేశాయి. కంపెనీ ఆ ఆరోపణలను ఖండిస్తోంది. ఇన్ని మంచి పిస్టళ్లు ఉండగా మొదటిసారి కొనేవాళ్లు ఆ వివాదంలోకి పోనక్కర్లేదు.

కొనేముందు అద్దెకు తీసుకుని కాల్చండి. కాల్పుల సాధనకు ఉండే ఇండోర్ రేంజ్‌లలో ఈ పేర్లలో చాలావరకు అద్దెకు దొరుకుతాయి. ఒక్కరే వెళితే చాలా రేంజ్‌లు కొత్తవాళ్లకు తుపాకీ అద్దెకివ్వవు. ఆత్మహత్యలు జరిగిన అనుభవంతో పెట్టుకున్న నియమం అది. ఇద్దరూ కలిసే వెళ్లండి, మొదటిసారి ఒక శిక్షకుడి సమయం గంటసేపు కొనుక్కోండి. ఒక్కొక్కరు యాభై తూటాలు కాల్చితే చాలు. అంతకుమించితే చేయి అలిసి అంచనా తప్పుతుంది. ఐదు గజాల దూరంలో మొదలుపెట్టండి. గుండ్లు ఎక్కడ పడ్డాయన్నదానికంటే మూడు విషయాలు చూడండి. ప్రతి తూటా తర్వాత పట్టు జారి మళ్లీ సర్దుకోవలసి వస్తోందా? కాల్చిన తూటాల ఖాళీ గొట్టాలు అడ్డంపడకుండా బయటికి పోతున్నాయా? పదో తూటాకు మీ శ్రీమతి ముఖంలో బెదురు పెరిగిందా, తగ్గిందా? ఈ మూడోదే నాకు అన్నిటికంటే ముఖ్యం.

చెవుల విషయంలో మొహమాటపడకండి. 140 డెసిబెల్స్ దాటిన శబ్దం ఒక్కసారికే చెవిని పాడుచేయగలదు. పిస్టల్ పేలుడు దానికంటే ఎక్కువే, మూసిన గదిలో మరీనూ. లోపల స్పాంజి బిరడాలు, పైన చెవులను కప్పే మఫ్‌లు, రెండూ పెట్టుకోండి. కళ్లద్దాలు తప్పనిసరి. వేడి ఖాళీ గొట్టం ఎగిరి మెడ దగ్గర చొక్కాలో పడితే మనిషి ఉలిక్కిపడి తుపాకీ తిప్పేస్తాడు, అందుకని మెడదాకా మూసి ఉండే బట్టలు వేసుకోండి. అయ్యాక చల్లటి నీళ్లతో, సబ్బుతో చేతులు, ముఖం కడుక్కున్నాకే ఏదైనా తినండి. రేంజ్ గాలిలో సీసం ధూళి ఉంటుంది, అది చిన్నపిల్లలకు ప్రమాదం. చెప్పులు గుమ్మం బయట విడిచే మన అలవాటు ఇక్కడ మేలు చేస్తుంది. ఆ బట్టలు కూడా విడిగా ఉతకండి.

డబ్బు లెక్క పిస్టల్ ధరతో ముగియదు. పైన చెప్పినవి సుమారు 450 నుంచి 800 డాలర్ల మధ్య ఉంటాయి. టెక్సస్‌లో 8.25 శాతం దాకా అమ్మకం పన్ను. మంచి తాళం పెట్టె 100 నుంచి 250. చెవులకు, కళ్లకు రక్షణ, మ్యాగజైన్ నింపే చిన్న పరికరం, శుభ్రం చేసే సామగ్రి, కనీసం ఒక తరగతి, సాధనకు కొన్ని వందల తూటాలు. అన్నీ కలిపితే పిస్టల్ ధరకు ఇంచుమించు రెట్టింపు. ఆ మొత్తం ఇప్పుడు చేతిలో లేకపోతే కొనడం వాయిదా వేయండి, పెట్టె మాత్రం మానకండి. సాధనకు మామూలు రాగి తొడుగు తూటాలు, ఇంట్లో పెట్టేవి ముక్కు దగ్గర గుంట ఉండే హాలో పాయింట్ తూటాలు. ఆ రెండో రకం ఒక పెట్టెడు మీ పిస్టల్‌లోనే కాల్చి, చిక్కుకోకుండా వెళుతున్నాయని చూసుకున్నాకే వాటిని నమ్మండి.

పెట్టె గురించి ఇంత పట్టుదల ఎందుకంటే మన ఇళ్లు నాకు తెలుసు. తాళంచెవులు దేవుడి గూట్లో ఉంటాయి, లేదా బీరువాలో చీరల కింద. ఆ చోటు ఇంట్లో అందరికీ తెలుసు, ఏడేళ్ల పిల్లకు కూడా. ఫోను పాస్‌వర్డు పెళ్లిరోజు, పెట్టె పాస్‌వర్డు పిల్లాడి పుట్టినరోజు. పదమూడేళ్ల కుర్రాడు అది మూడో ప్రయత్నంలో కనిపెడతాడు. శనివారం విందుకు నాలుగు కుటుంబాలు వస్తే కోట్లన్నీ మీ పడకగది మంచం మీదే గుట్ట పడతాయి, పిల్లలందరూ మేడ మీదే ఆడతారు, మంచం పక్క సొరుగు ఎవరో ఒకరు తెరుస్తారు. అందుకే సొరుగు, అల్మరా పై అర, పరుపు కింద చోటు, వీటిలో ఏదీ దాచే చోటు కాదు. గోడలోని కట్టెకు మరలతో బిగించిన, బొత్తాల సంకేతంతో తెరుచుకునే ఉక్కు పెట్టె కావాలి. వేలిముద్రతో తెరుచుకునేవి తడి వేళ్లకు మొరాయిస్తాయి, బొత్తాలు కూడా ఉంటేనే తీసుకోండి. సంకేతం పెద్దలిద్దరికే తెలియాలి. కొత్త పిస్టల్‌తోపాటు దుకాణదారు ఇచ్చే తీగ తాళం చట్టప్రకారం ఇచ్చేది, ఉండనివ్వండి, కానీ అది పెట్టెకు బదులు కాదు. పదిహేడేళ్లలోపు పిల్లలకు పేలడానికి సిద్ధంగా ఉన్న తుపాకీ అందేలా నిర్లక్ష్యంగా వదిలేయడం టెక్సస్‌లో నేరం. మొదటి ఏడాదంతా తూటాలు నింపిన మ్యాగజైన్, ఖాళీ చాంబర్‌తో పిస్టల్, రెండూ ఆ పెట్టెలోనే. నేను చెప్పే పద్ధతి ఇది.

పిల్లలకు విషయం దాచకండి. తుపాకీ ఎక్కడ కనిపించినా, ఎవరింట్లోనైనా ముట్టుకోకుండా అక్కడినుంచి వచ్చేసి పెద్దవాళ్లకు చెప్పాలని ఏడేళ్ల పిల్లకు అర్థమయ్యేలా చెప్పండి. చెప్పాం కదా అని పెట్టె తాళం మరవకండి.

మీ అమ్మానాన్నలు వచ్చేది సందర్శకుల వీసా మీద. ఆ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ కలిగి ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నిషిద్ధం. కొన్ని మినహాయింపులున్నాయి గానీ అవి సాధారణంగా వాళ్లకు వర్తించవు. రేంజ్‌లో కాసేపు అద్దెకు తీసుకోవడం కూడా అందులోకే వస్తుంది. కాబట్టి నాన్నగారిని సరదాగా రేంజ్‌కు తీసుకెళ్లి పిస్టల్ పట్టుకున్న ఫోటో బంధువుల వాట్సాప్ బృందంలో పెట్టకండి. పెట్టె సంకేతం కూడా వాళ్లకు చెప్పకండి.

తుపాకీ ఖాళీ చేసే క్రమం నిద్రలో అడిగినా చెప్పగలిగేలా ఉండాలి. ముందు మ్యాగజైన్ తీయాలి, ఆ తర్వాతే స్లయిడ్ లాగి చాంబర్‌లోని తూటా బయటికి పడేయాలి, అప్పుడు కంటితో చూసి వేలితో తడమాలి. ఈ వరుస తారుమారైతే, అంటే ముందు స్లయిడ్ లాగి తర్వాత మ్యాగజైన్ తీస్తే, చాంబర్‌లోకి ఇంకో తూటా ఎక్కి కూర్చుంటుంది. మ్యాగజైన్ చేతిలో ఉంది కాబట్టి తుపాకీ ఖాళీ అనుకుంటారు. శుభ్రం చేస్తుండగా పేలింది అని మీరు వార్తల్లో చదివేవాటిలో చాలావాటి వెనక ఇదే ఉంటుంది. గ్లాక్‌ను విడదీయాలంటే ట్రిగ్గర్ ఒకసారి నొక్కాల్సిందే, దాని నిర్మాణమే అంత. ఎం అండ్ పీలో నొక్కకుండా విడదీసే మీట లోపల ఉంటుంది. గ్లాక్ కొంటే ఈ ఒక్క విషయం మీ శ్రీమతికీ మీకూ విడివిడిగా చేయించి చూపమని శిక్షకుడిని అడగండి. శుభ్రం చేసే గదిలో తూటా ఒక్కటి కూడా ఉండకూడదు.

ఇంకో మాట, ఇది కొంచెం బరువైనది. 2021లో అమెరికాలో తుపాకీ వల్ల 48,830 మంది చనిపోయారు. అందులో 26,328 ఆత్మహత్యలు, అంటే సగానికి పైగా. దొంగ ఇంట్లోకి వచ్చే రాత్రి మీ జీవితంలో బహుశా ఎప్పటికీ రాకపోవచ్చు. ఉద్యోగం పోయిన నెల, పరీక్షలో మార్కులు తగ్గిన వారం, ఇల్లు వదిలి ఒంటరైన రోజులు మాత్రం ఏ ఇంటికైనా వస్తాయి. మీ ఇంట్లో ఎవరైనా, పదమూడేళ్ల కుర్రాడైనా సరే, కుంగిపోయి ఉన్నారనిపిస్తే ఇప్పుడు కొనకండి. కొన్నాక అలా అనిపిస్తే పిస్టల్‌ను కొంతకాలం ఇంటి బయట పెట్టే ఏర్పాటు చూడండి. కొన్ని తుపాకీ దుకాణాలు, రేంజ్‌లు భద్రపరుస్తాయి. ఆత్మహత్య ఆలోచనల్లో ఉన్నవాళ్లకు సాయం చేసే 988కి ఫోను చేస్తే ఏ గంటలోనైనా మనిషి పలుకుతారు.

ఇంటి రక్షణ అంటే చాలామంది మనసులో ఉండేది చీకట్లో పిస్టల్ పట్టుకుని మెట్లు దిగడం. అలా చేయకండి. ఇక్కడి ఇళ్లు కట్టె చట్రానికి జిప్సం పలకలు కొట్టినవి. పిస్టల్ తూటా అలాంటి గోడలు రెండు మూడింటిని దాటిపోతుంది. మీ పడకగది నుంచి పిల్లల గది ఏ దిక్కున ఉందో ఇప్పుడే చూసుకోండి, ఆ దిక్కుకు మూతి ఎప్పుడూ తిరగకూడదు. మంచి తలుపు గొళ్లెం, బయట వెలిగే దీపాలు, అలారం, ఇవి పిస్టల్ కంటే ముందు. చప్పుడైతే అందరూ ఒకే గదిలో చేరి తలుపు వేసుకుని 911కి ఫోను చేయాలి. పిస్టల్ ఆ తలుపు దాటి వచ్చేవాడి కోసం. కాల్చేముందు ఎదురుగా ఉన్నది ఎవరో కనబడాలి. రాత్రి మంచినీళ్లకు లేచిన మీ నాన్నగారు కావచ్చు. అందుకే పెట్టె పక్కనే టార్చిలైటు ఉండాలి.

కొనే రోజు కాగితాల పని పెద్దదేమీ కాదు. 21 నిండాలి. టెక్సస్ డ్రైవింగ్ లైసెన్సు మీద మీ ప్రస్తుత చిరునామా ఉండాలి, ఇల్లు మారి మార్పించుకోకపోతే ముందు అది చేయించండి. గ్రీన్ కార్డు దగ్గరుంచుకోండి, దుకాణంలో నింపే ఫారం 4473లో దాని మీది నంబరు రాయాలి. దుకాణదారు ఎఫ్‌బీఐ నడిపే తనిఖీ వ్యవస్థకు వివరాలు పంపుతారు. తరచుగా కొన్ని నిమిషాల్లో జవాబు వస్తుంది. జాప్యం అని వస్తే కంగారుపడకండి, అదే పేరున్న మరొకరి వివరాలు తేల్చుకోవడానికి కూడా అలా ఆపుతారు. మూడు పనిదినాలు చూడాలి. మీరు టెక్సస్ కాబట్టి ఇంత తేలిక. న్యూజెర్సీలో పిస్టల్ కొనడానికే ముందు అనుమతిపత్రం కావాలి, ఇల్లినాయిలో ఫోయిడ్ అనే తుపాకీదారు గుర్తింపు కార్డు, కాలిఫోర్నియాలో భద్రతా పరీక్ష రాసి, కొన్నాక పది రోజులు ఆగాలి. అక్కడి బంధువులు చెప్పే సలహాలు ఇక్కడ, ఇక్కడివి అక్కడ పనికిరావు.

2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సస్‌లో అనుమతిపత్రం లేకుండానే తుపాకీ వెంట తీసుకెళ్లవచ్చు. అయినా ఇప్పుడే ఆ పని మొదలుపెట్టకండి. ఎప్పుడైనా మొదలుపెట్టాలనుకుంటే రాష్ట్ర లైసెన్సు తీసుకునే మొదలుపెట్టండి. పాఠశాలకు వెయ్యి అడుగుల లోపు తుపాకీ ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది, దానికున్న మినహాయింపుల్లో ముఖ్యమైనది ఆ లైసెన్సు. పిల్లలను బడి దగ్గర దింపే తల్లిదండ్రులకు ఇది రోజూ ఎదురయ్యే చిక్కు. తుపాకీ నేరంలో శిక్ష పడితే గ్రీన్ కార్డు ఉన్నవాళ్లను కూడా దేశం నుంచి పంపించేయవచ్చు. పౌరసత్వం వచ్చేదాకా ఏ చిన్న విషయంలోనూ గీత దాటకండి.

మీ స్నేహితుడికి జవాబు. హెచ్-1బి మీద ఉన్నవాళ్లకూ సాధారణంగా నిషేధమే. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది, అది నిజమే. చాలామంది దాన్ని ఒకసారి తీసుకుని మరిచిపోతారు. టెక్సస్ వేట లైసెన్సు గడువు సాధారణంగా ఆగస్టు 31తో తీరుతుంది. సెప్టెంబరు 1 తెల్లవారేసరికి ఇంట్లో ఉన్న అదే పిస్టల్ ఫెడరల్ నేరమవుతుంది. వేటమీద ఆసక్తి లేనివాళ్లు కాగితం కోసం అలా కొనడం నాకు ఇష్టం లేదు, గ్రీన్ కార్డు వచ్చేదాకా ఆగమని చెప్పండి. ఆయన కోసం మీ పేరు మీద కొని ఇవ్వడం మాత్రం కలలో కూడా చేయకండి. అసలు కొనేది మీరేనా అని ఫారంలో అడుగుతారు. అబద్ధం రాసి నిషేధం ఉన్న మరొకరి కోసం కొంటే, 2022 చట్టం ప్రకారం పదిహేనేళ్ల దాకా జైలు.

చివరగా, మీరు అడగకపోయినా చెప్పాల్సింది ఒకటుంది. రేంజ్‌కు తీసుకెళ్లే సంచీ దానికే ఉండాలి, ప్రయాణాలకు వాడకండి. సంచీ అడుగున కుట్టు మడతలో ఒక్క తూటా ఉండిపోతే డాలస్ విమానాశ్రయంలో దొరకకపోవచ్చు, తిరుగుప్రయాణంలో శంషాబాద్‌లో దొరుకుతుంది. ఒక్క తూటాకైనా అక్కడ 1959 ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. తెలియక వచ్చిందని రుజువు చేసుకునేలోపు విమానం పోతుంది, సెలవులు పోతాయి, కోర్టు వాయిదాలు మొదలవుతాయి. ముదురు ఎరుపు రంగు సంచీ ఒకటి కొని, దాన్ని గరాజ్‌లోనే తాళం వేసి ఉంచండి.